కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ: కొనే ముందు, క్లెయిమ్ చేసే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కారు డెలివరీ రోజు షోరూంలో పెట్టే సంతకాలకు లెక్క ఉండదు. కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, ఫొటోలు, మిఠాయి డబ్బా. ఆ సందడిలో ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం కూడా మిగతావాటితో కలిసి ఫైల్లోకి వెళ్లిపోతుంది. నాలుగో ఏట ఏసీ కంప్రెసర్ మొరాయించాక గానీ దాన్ని ఎవరూ బయటకు తీయరు. ఇక్కడి జవాబులు ప్రధానంగా మన దేశంలో సొంత వాడకానికి కొన్న కార్ల గురించి. అమెరికాలో ఉన్నవారి కోసం చివర్లో ఒక ప్రశ్న చేర్చాం.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే ఏమిటి?

కారు ధరలోనే కలిసి వచ్చే కంపెనీ వారంటీ ముగిశాక కూడా, తయారీ లోపం వల్ల ఏదైనా భాగం చెడిపోతే ఉచితంగా బాగుచేస్తామని, లేదా మారుస్తామని విడిగా డబ్బు తీసుకుని ఇచ్చే రాతపూర్వక హామీ. ఇందులో బరువంతా ‘తయారీ లోపం’ అన్న మాట మీదే ఉంది. మీ క్లెయిమ్ నెగ్గినా, వీగినా సాధారణంగా ఆ మాట దగ్గరే. భాగం అరిగిపోయిందా, దెబ్బ తగిలి పోయిందా, నిర్లక్ష్యం వల్ల పోయిందా, లేక దానంతట అదే చెడిపోయిందా అని కంపెనీ చూస్తుంది. చివరి దానికే డబ్బు ఇస్తుంది.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇది మళ్లీ ఎందుకు?

రెండూ వేర్వేరు నష్టాలకు. ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద వంటి బయటి కారణాలకు బీమా. లోపలి నుంచి వచ్చే మెకానికల్, ఎలక్ట్రికల్ వైఫల్యాలకు వారంటీ. మోటారు బీమా పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, సహజ అరుగుదల మినహాయింపుల కింద స్పష్టంగా ఉంటాయి. జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదల కోత లేని బీమా) తీసుకున్నా గేర్‌బాక్సు దానంతట అది చెడిపోతే బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారును స్టార్ట్ చేయబోతే ఇంజిన్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది తయారీ లోపం కాదు కాబట్టి ఏ వారంటీ కిందికీ రాదు. సాధారణ బీమా కూడా, ‘మునిగిన బండిని మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం ఇది’ అని ఇంజిన్ భాగాన్ని పక్కన పెట్టవచ్చు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ విడిగా ఉంది. నది పక్కనో, చెరువు కింది కాలనీలోనో ఇల్లున్నవారు వారంటీకి ముందు ఆ యాడ్-ఆన్ గురించి ఆలోచించాలి. అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లూ ఇంతే. వారంటీ వాటిని అసలు పట్టించుకోదు, బీమా ఇస్తుందా లేదా అన్నది మీ పాలసీ షరతులను బట్టి ఉంటుంది.

అందరు డీలర్లూ ఒకే వారంటీ అమ్ముతారా?

లేదు. బేరమాడే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇదే. కారు తయారు చేసిన కంపెనీయే ఇచ్చేది ఒక రకం. దేశంలో ఏ ఊళ్లోని అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా చెల్లుతుంది. డీలరు తన పేరు మీద ఇచ్చేది రెండో రకం. అది చాలాసార్లు ఆ డీలరు వర్క్‌షాపులకే పరిమితం, డీలర్‌షిప్ మూతపడితే కాగితం మిగులుతుంది. మూడోది బయటి వారంటీ సంస్థలు అమ్మేది. సెకండ్ హ్యాండ్ కార్లతో ఎక్కువగా వచ్చేది ఇదే.

కౌంటర్ దగ్గర మూడింటినీ ‘కంపెనీ వారంటీ సార్’ అనే అమ్ముతారు. అందుకని సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉందో చూడండి. క్లెయిమ్‌కు చివరి ఆమోదం ఎవరిదో అడగండి. కారు తయారీదారు ఇచ్చే వారంటీ దొరుకుతుంటే, కొంచెం ఖరీదైనా, మిగతా రెండింటి వైపు చూడనక్కర్లేదని మా అభిప్రాయం. వేరే సంస్థకు మీ ఫైలు ఒక ఖర్చు మాత్రమే. తయారీదారుకు రేపు మీకు ఇంకో కారు అమ్మాలన్న ఆశ ఉంటుంది.

డబ్బు కట్టాను. నమోదైందో లేదో ఎలా తెలుస్తుంది?

డీలరు రసీదు చాలదు. ఛాసిస్ నంబరు, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, కిలోమీటర్ల పరిమితి ఉన్న సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. తరువాత కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ కేర్‌కు ఫోను చేసో అదే వివరం సరిచూసుకోండి. డీలరు దగ్గర డబ్బు కట్టినా కంపెనీ సిస్టమ్‌లోకి ఎక్కని సందర్భాలు ఉంటాయి. ఆ సంగతి మూడేళ్ల తరువాత, బండి పిట్ మీద ఉన్నప్పుడు తెలియడం కంటే కొన్న వారంలో తెలియడం నయం.

‘5 ఏళ్లు లేదా 1,40,000 కిలోమీటర్లు’ అంటే రెండింటిలో ఏది?

ఏది ముందు వస్తే అది. మారుతి సుజుకిని తీసుకుందాం. 2024 జులై 9 నుంచి డెలివరీ అయిన కార్లకు ఆ కంపెనీ సాధారణ వారంటీని 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు, 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. పైన కొనుక్కునే ప్యాకేజీలు నాలుగో ఏటికి 1,20,000, అయిదో ఏటికి 1,40,000, ఆరో ఏటికి 1,60,000 కిలోమీటర్ల దాకా వెళ్తాయి.

ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు వ్యాపారం మీద ఏటా 40,000 కిలోమీటర్లు తిరుగుతారు. మామూలు వారంటీ ఆయనకు రెండున్నరేళ్లకే అయిపోతుంది. అయిదేళ్ల ప్యాకేజీ కొంటే మూడున్నరేళ్లకు మీటరు 1,40,000 దాటుతుంది. అంటే రెండేళ్లకు డబ్బు కట్టి ఒక ఏడాది పొందారు. అయినా ఆ ఏడాదిలో బండి 40,000 కిలోమీటర్లు నడుస్తుంది, కాబట్టి ఆయనకు అది దండగ అనలేం. రెండోవారిది ఆఫీసు దగ్గరే ఇల్లు, ఏటా 6,000 కిలోమీటర్లు. అయిదేళ్లకు 30,000 దాటదు. ఆమెకు కిలోమీటర్ల పరిమితితో పని లేదు, ఏళ్లే ముఖ్యం. తక్కువ తిరిగిన బండిలో పెద్ద మెకానికల్ భాగాలు పోయే అవకాశం తక్కువ. ఎలక్ట్రానిక్స్, సెన్సర్లు, రబ్బరు సీళ్లు మాత్రం నిలబెట్టిన బండిలోనూ పాడవుతాయి.

అన్ని కంపెనీలూ కిలోమీటర్లు లెక్కపెట్టవు. పెనుకొండ దగ్గరి కర్మాగారంలో తయారయ్యే కియా కార్లకు, సొంత వాడకమైతే, సాధారణ వారంటీ 3 ఏళ్లు, కిలోమీటర్లకు పరిమితి లేదు. ఎక్కువ తిరిగేవారు కారు ఎంచుకునేటప్పుడే ఈ తేడా గమనించాలి. గడువు మొదలయ్యేది బుకింగ్ నాటి నుంచో, మీరు మొదటి సర్వీసు చేయించిన నాటి నుంచో కాదు, మొదటి యజమానికి కారు అప్పగించిన తేదీ నుంచి అని ఎక్కువ ఒప్పందాల్లో ఉంటుంది.

ఏవి వస్తాయి, ఏవి రావు?

ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్సు, టర్బో, ఫ్యూయల్ పంప్, వాటర్ పంప్, స్టీరింగ్ ర్యాక్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటర్, ఏసీ కంప్రెసర్, ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) వంటివి సాధారణంగా వస్తాయి. వాటిని మార్చే లేబర్ చార్జీ కూడా.

బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిల్, కూలెంట్, బెల్టులు రావు. అరగడమే వాటి పని అని కంపెనీ అంటుంది, అందులో అన్యాయం లేదు. టైర్లకు, 12 వోల్టుల బ్యాటరీకి వాటి తయారీదారుల వారంటీ విడిగా ఉంటుంది. పెయింటు, సీట్ల గుడ్డ, అద్దాలు, గాలి చప్పుడు, డాష్‌బోర్డు కిరకిరలు ఎక్స్‌టెండెడ్‌లోకి రావడం అరుదు.

తగాదా వచ్చేది మధ్యలో ఉన్న వాటి మీద. షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు, టచ్‌స్క్రీన్, ఇంజెక్టర్లు. ఇవి మొదటి మూడేళ్లలో వస్తాయి, ఎక్స్‌టెండెడ్ మొదలయ్యాక కొన్ని కంపెనీల్లో జాబితా నుంచి జారిపోతాయి. ‘ఇది పాత వారంటీకి కొనసాగింపే’ అని సేల్స్ వారు చెప్పే మాటను అందుకే యథాతథంగా తీసుకోకండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చదవండి. మన రోడ్ల గుంతలు తెలిసినవారికి సస్పెన్షన్ వరుస ఒక్కటి చదివినా చాలావరకు విషయం అర్థమవుతుంది.

ఇంకో మెలిక. ఒక భాగం పోవడం వల్ల ఇంకో భాగం పోతే? వాటర్ పంప్ కారి ఇంజిన్ వేడెక్కిందనుకుందాం. పంపు వారంటీలో ఉంది. కానీ టెంపరేచర్ హెచ్చరిక వెలిగాక కూడా మీరు పది కిలోమీటర్లు నడిపితే, సిలిండర్ హెడ్ నష్టం మీ నిర్లక్ష్యం అంటారు. హెచ్చరిక ఎప్పుడు వెలిగిందో, ఎంతసేపు నడిపారో కారులోని కంప్యూటర్ దాచుకుంటుంది. ఎర్ర లైటు వెలిగితే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, మీటరుకు ఫొటో తీసి, టోయింగ్‌కు ఫోను చేయాలి. ‘ఇల్లు దగ్గరే కదా’ అనుకుని నడిపిన దూరమే క్లెయిమ్ తిరస్కరణ లేఖలోకి ఎక్కుతుంది.

మరి నాకు అవసరమా?

తయారీ లోపాలు ఎక్కువగా మొదటి ఏడాది, రెండేళ్లలో బయటపడతాయి. అవి మామూలు వారంటీలోనే తీరిపోతాయి. అరుగుదల వల్ల వచ్చే పెద్ద ఖర్చులు ఏడెనిమిదేళ్ల తరువాత మొదలవుతాయి. మీకు అమ్ముతున్నది ఈ రెంటి మధ్యనున్న ప్రశాంతమైన కాలం. అందుకే సగటు కొనుగోలుదారుకు కట్టిన డబ్బు వెనక్కి రాదు. వస్తే కంపెనీలు ఇంత ఉత్సాహంగా అమ్మవు కదా.

కానీ మీరు సగటు మనిషిగా కారు నడపరు, ఒకే ఒక్క కారు నడుపుతారు. అందులో ఒకే ఒక్క భాగం పోయినా భరించలేని బిల్లు వచ్చే అవకాశం ఉందా అన్నదే ప్రశ్న. మాన్యువల్ గేరు, టర్బో లేని పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ అయితే, అయిదేళ్లలోపు అమ్మేసే ఉద్దేశం ఉంటే, మేమైతే వద్దంటాం. దానిలో పోగల భాగాలు చవక, బయటి మెకానిక్‌లందరికీ తెలుసు. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, టర్బో, డీజిల్, సన్‌రూఫ్, కెమెరాలు, రాడార్లు ఉన్న బండి అయితే లెక్క మారుతుంది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ ఒక్కటి పోయినా బిల్లు లక్ష దాటవచ్చు. అలాంటి కారు ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారు తీసుకోవడమే మంచిది. యూరప్ లగ్జరీ కార్లు కొన్నవారు ఈ ప్రశ్న అడగనే అక్కర్లేదు, తీసుకోండి.

మధ్యలో ఉన్నవారికి ఒక పద్ధతి. వారంటీకి అడుగుతున్న మొత్తాన్ని బ్యాంకులో పక్కన పెట్టగలరా? నిజంగా పెట్టి, ముట్టుకోకుండా ఉండగలరా? అలా ఉండగలిగితే వారంటీ అవసరం తక్కువ. లేకపోతే నాలుగో ఏట వచ్చే 60,000 రూపాయల బిల్లుకు క్రెడిట్ కార్డు వాయిదాలు కట్టే కంటే ఇప్పుడే కొనడం మేలు.

ఎప్పుడు కొనాలి? డెలివరీ రోజే తీసుకోకపోతే దొరకదంటున్నారు.

ఎక్కువ కంపెనీల్లో మామూలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఆలస్యం చేసేకొద్దీ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది, గడువు దాటితే బండిని తనిఖీ చేసి ఇస్తారు లేదా ఇవ్వరు. అయినా రెండేళ్లు బండి నడిపి, దాని గుణం తెలిశాక కొనే వీలును తేలిగ్గా వదులుకోకండి. ఈ రోజు ధర ఎంత, ఏడాది తరువాత ఎంత అన్న పట్టిక అడగండి. తేడా వెయ్యి రెండు వేలే అయితే ఆగడం తెలివైన పని.

డెలివరీ రోజే తీసుకుంటే బేరమాడండి. యాక్సెసరీలు, బీమా, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఈ మూడింటిలో డీలరుకు మిగులు బాగా ఉంటుంది. ఆన్-రోడ్ ధరలో కలిపి రుణంలోకి తోసేస్తే ఏడేళ్లు వడ్డీ కడతారు. విడిగా చెల్లించండి. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందా లేదా అన్నది కూడా ముందే అడగాలి.

బయట గ్యారేజీలో సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందా?

ఒప్పందం చదివితే పోతుందనే ఉంటుంది. చట్టం కథ కొంచెం పెద్దది. వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది ఆక్షేపణ. బయటి మరమ్మతుదారు చేయి పడినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే గంపగుత్త షరతు పెట్టవద్దని కూడా ఆ ఉత్తర్వు చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది, అందులో మోటారు వాహనాల రంగం కూడా ఉంది.

ఇదంతా మీకు కోర్టులో వాదనకు పనికొస్తుంది. సర్వీస్ కౌంటర్ దగ్గర పనికిరాదు. వారంటీ నడిచినంతకాలం ఆయిల్ సర్వీసులు అధీకృత సెంటర్‌లోనే చేయించడం వ్యవహారజ్ఞానం. టైర్లు, పంక్చర్లు, వీల్ అలైన్‌మెంట్, వాషింగ్ బయట చేయించుకుంటే ఎవరూ అడగరు. ఇంజిన్ ఆయిల్ బయట మార్పిస్తే, ఇంజిన్ క్లెయిమ్ వచ్చిన రోజు మొదటి ప్రశ్న దాని మీదే.

ఏటా 5,000 కిలోమీటర్లే తిరుగుతుంది. సర్వీసు రెండేళ్లకోసారి చాలదా?

చాలదు. షెడ్యూలు ‘10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు’ అంటే ఏది ముందైతే అది. విదేశాల్లో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల కోసం కారు కొని ఉంచినవారు ఇక్కడే దెబ్బ తింటారు. బండి షెడ్డులో ఉన్నా ఏడాదికి ఒకసారి సర్వీసు బిల్లు పడాలి.

సీఎన్‌జీ కిట్, కొత్త లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టిస్తే?

వైరు కోసి కలిపితే ఎలక్ట్రికల్ వారంటీకి చిక్కు. కప్లర్‌కు కప్లర్ తగిలించే రకాలు కొంత నయం. బయట వేయించిన గ్యాస్ కిట్‌తో ఇంజిన్ వారంటీ పోయినట్టే అనుకోండి. ఈసీఎం రీమ్యాప్ చేయించి (అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించి), సర్వీసుకు ముందు పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తే తెలియదనుకునే కుర్రాళ్లు ఉన్నారు. చాలా కార్లలో ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ రాశారన్న లెక్క లోపల మిగిలే ఉంటుంది.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్ల ఇంజిన్ భాగం పోయిందంటే?

2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లు ఈ20కి తట్టుకునే పదార్థాలతో తయారయ్యాయి, వాటికి బెంగ అక్కర్లేదు. అంతకు ముందు కార్ల మాన్యువల్‌లో ఈ10 అనే ఉండవచ్చు. 2025లో దీని మీద రగడ జరిగినప్పుడు వారంటీలను గౌరవిస్తామని వాహన పరిశ్రమ ప్రకటించింది. మీ మోడల్ గురించి కంపెనీకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. బంకులో పోయించిన పెట్రోలు, డీజిల్ రసీదులు కూడా ఫోనులో ఉంచుకోవడం మంచిది. ఇంజెక్టర్ క్లెయిములను తోసిపుచ్చడానికి ‘కల్తీ ఇంధనం’ అన్న కారణం తరచూ వినిపిస్తుంది.

క్లెయిమ్ ఎలా నడుస్తుంది?

మీరు బండి ఇస్తారు, సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు (మీ ఫిర్యాదు, చేయాల్సిన పని రాసే పత్రం) తెరుస్తాడు, టెక్నీషియన్ లోపం వెతుకుతాడు, ఫొటోలు, స్కానర్ రిపోర్టు కంపెనీకి వెళ్తాయి, ఆమోదం వచ్చాక భాగం తెప్పించి వేస్తారు. చిన్న భాగాలకు డీలరు స్థాయిలోనే అయిపోతుంది. ఇంజిన్, గేర్‌బాక్సు వంటి వాటికి కంపెనీ ప్రాంతీయ కార్యాలయం ఒప్పుకోవాలి, ఒక్కోసారి ఇంజినీరు స్వయంగా వచ్చి చూస్తాడు. వారాలు పట్టవచ్చు. అన్నాళ్లూ మీ క్యాబ్ ఖర్చు సాధారణంగా మీదే.

జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లో ఉండాలి. ‘రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు కుదుపు, వేడెక్కాక ఎక్కువ’ అని మీరు చెబితే ‘జనరల్ చెకప్’ అని రాసుకుంటారు. రేపు ‘వారంటీలో ఉండగా ఈ సమస్య చెప్పనే లేదు’ అంటే మీ దగ్గర ఏమీ ఉండదు. గడువు ముగియడానికి నెల ముందు అనుమానం ఉన్న ప్రతి శబ్దాన్నీ జాబ్ కార్డులోకి ఎక్కించండి. బాగుచేసినా చేయకపోయినా, తేదీ పడుతుంది.

రెండో జాగ్రత్త ఇంకా ఖరీదైనది. ‘ఇంజిన్ విప్పితేగానీ చెప్పలేం, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటారు. విప్పాక తయారీ లోపం కాదని తేలితే విప్పిన కూలి, బిగించే కూలి మీరే కట్టాలి. సంతకానికి ముందు ఆ మొత్తం ఎంతో రాయించుకోండి. విప్పేటప్పుడు అక్కడ ఉంటామని అడగండి, ఫొటోలు తీసుకోండి. వారంటీలో మార్చిన పాత భాగం కంపెనీదే అవుతుంది, మీకు ఇవ్వరు. కాబట్టి అది చేయి దాటకముందే ఫొటో ఉండాలి.

తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

కారణం రాతలో అడగండి. నోటిమాటగా ‘రాదు సార్’ అన్నది తిరస్కరణ కిందికి రాదు. ఒప్పందంలో ఏ నిబంధన ప్రకారం, ఏ పరీక్ష ఆధారంగా అన్నది ఈమెయిల్‌లో రప్పించండి. రాయవలసి వచ్చేసరికి కొన్ని తిరస్కరణలు వాటంతట అవే మెత్తబడతాయి. ఆ తరువాత డీలరును దాటి కంపెనీ కస్టమర్ కేర్‌కు, అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు వెళ్లండి. తెలుగులో మాట్లాడవచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కారు హైదరాబాద్‌లో కొని శ్రీకాకుళంలో ఉంటే శ్రీకాకుళంలోనే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధి. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. అయితే ‘తయారీ లోపం’ అని నిరూపించే భారం చాలావరకు మీ మీద పడుతుంది. స్వతంత్ర నిపుణుడి నివేదిక లేని ఫిర్యాదులు ఇక్కడే ఓడిపోతుంటాయి. అదే వారంటీ కాలంలో ఒకే సమస్యకు పడిన మూడు నాలుగు జాబ్ కార్డులు ఉంటే ఆ భారం బాగా తగ్గుతుంది.

బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లి సమయం పోగొట్టుకోకండి. కార్ల కంపెనీ ఇచ్చే వారంటీ బీమా పాలసీ కాదు.

రీకాల్ వచ్చింది. వారంటీ ముగిసిపోయింది కదా?

సంబంధం లేదు. రీకాల్ పని ఉచితంగా చేయాల్సిందే. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోండి. సెకండ్ హ్యాండ్ యజమానులకు ఉత్తరం పాత యజమాని చిరునామాకు వెళ్తుంది.

సెకండ్ హ్యాండ్ కారుతో ఎక్స్‌టెండెడ్ వారంటీ నాకు వస్తుందా?

తయారీదారు వారంటీ సాధారణంగా బండితో పాటే వస్తుంది, కొన్ని కంపెనీలు పేరు మార్పు రుసుము, గడువు పెడతాయి. కొనే ముందు సర్వీస్ సెంటర్‌లో చరిత్ర తీయించండి. ఒక సర్వీసులో మీటరు 62,000, తరువాతి దానిలో 48,000 ఉందంటే వారంటీ గురించి కాదు, ఆ కారు గురించే మరిచిపోండి. టాక్సీగా తిరిగి సొంత నంబరుకు మారిన బండ్లకు వారంటీ షరతులు వేరుగా ఉంటాయి.

ఎలక్ట్రిక్ కారుకు?

అసలు ఖర్చు బ్యాటరీ. దానికి ఎక్కువ కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ముందే ఇస్తున్నాయి. టాటా 2025లో హ్యారియర్ ఈవీతో మొదటి యజమానికి ‘జీవితకాల’ బ్యాటరీ వారంటీ తెచ్చింది. జీవితకాలం అంటే అక్కడ రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. ‘మొదటి యజమాని’ అన్న మాట మీద వేలు పెట్టి చదవండి, అమ్మేటప్పుడు ధర మీద దాని ప్రభావం ఉంటుంది. బ్యాటరీ వారంటీలో సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో కూడా చూడాలి. మోటరు, చార్జర్, స్క్రీన్లు, ఏసీ వేరే లెక్క. ఎక్స్‌టెండెడ్ కొంటే వాటి కోసమే.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడా ఇంతేనా?

పేరు ఒకటే, వ్యవహారం వేరు. కారు కంపెనీ కాకుండా బయటివారు అమ్మేది అక్కడ చాలావరకు సర్వీస్ కాంట్రాక్టు, వారంటీ కాదు. ప్రతి మరమ్మతుకూ మీ వాటాగా డిడక్టబుల్ ఉంటుంది. మొదలుపెట్టే ముందు వారి అనుమతి కావాలి. మంచి విషయం ఒకటుంది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వల్ల, బయట సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ రద్దు చేయడం కుదరదు. రసీదులు మాత్రం ఉంచుకోవాలి.

‘మీ కారు వారంటీ ముగియబోతోంది’ అని వచ్చే ఫోన్లను కట్ చేయండి. అలాంటి కాల్స్ వరదలా చేసిన ఒక ముఠా మీద అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ 2023 ఆగస్టులో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. టీవీల్లో విపరీతంగా ప్రకటనలిచ్చిన కార్‌షీల్డ్ సంస్థ, మోసపూరిత ప్రకటనల ఆరోపణల మీద 2024 జులైలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కోటి డాలర్ల రాజీకి వచ్చింది. డీలరు ఫైనాన్స్ గదిలో ఒత్తిడికి లోబడి సంతకం పెట్టేసినా, చాలా కాంట్రాక్టులు రద్దు చేసుకోవచ్చు. మొదటి నెలలోపు అయితే సాధారణంగా పూర్తి డబ్బు, తరువాత మిగిలిన కాలానికి తగ్గట్టు వెనక్కి వస్తుంది. ఇండియాకు తిరిగి వచ్చేస్తూ కారు అమ్మేవారు ఈ డబ్బు అడగడం మరిచిపోతుంటారు.

వారంటీ ముగిసిన పది రోజులకే గేర్‌బాక్సు పోయింది. ఏమైనా ఆశ ఉందా?

ఉంది. దాన్ని గుడ్‌విల్ అంటారు. హక్కు కాదు, కంపెనీ దయ. అధీకృత సెంటర్‌లో సర్వీసులన్నీ సమయానికి చేయించి ఉంటే, ప్రాంతీయ కార్యాలయానికి రాస్తే, భాగం ధరలో కొంతో, అంతా కాకపోతే లేబరో వారు భరించవచ్చు. అడగనివారికి ఎవరూ చెప్పరు. సర్వీస్ మేనేజరును ‘గుడ్‌విల్ రిక్వెస్టు పంపండి’ అని ఆ మాటతోనే అడగండి.

కారు ప్రమాదంలో పూర్తిగా పోయింది. మిగిలిన వారంటీ డబ్బు వస్తుందా?

కొన్ని కంపెనీలు వాడని కాలానికి తగ్గట్టు తిరిగి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఒప్పందంలో ‘రద్దు’ శీర్షిక కింద ఉంటుంది. బీమా కంపెనీ కారును టోటల్ లాస్‌గా ప్రకటించిన లేఖ జత చేసి, ఎక్స్‌టెండెడ్ కాలం మొదలు కాకముందే రాస్తే వచ్చే అవకాశం ఎక్కువ.